వచ్చిన బండేగా పోయేది

తెనాలిలో నేను పనిచేసిన ట్రావెల్స్ ఆఫీసు పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కొత్త టూరు ఏదైనా తగిలితే కాఫీ తాగుతూ జాగ్రత్తలు అడుగుతారు. నేను చెప్పేది సగం వింటారు, మిగతా సగం ఫోన్ చూసుకుంటారు. వాళ్ళను తప్పుపట్టను. ప్రయాణికుడు ఎక్కడున్నాడో ఇప్పుడు ఆ ఫోన్‌లోనే ఒక చుక్క కదులుతూ చూపిస్తుందట. సిగ్నల్ లేనిచోట ఆ చుక్క కూడా మనలాగే తెల్లమొహం వేస్తుందని మాత్రం వాళ్ళకింకా తెలియదు.

మొన్న వాళ్ళలో ఒక అమ్మాయి అడిగింది. “సార్, మీ సర్వీసు మొత్తంలో ఎవరైనా తప్పిపోయారా?”

“ఒక్కసారి” అన్నాను.

“దొరికారా?”

“దొరికారు.”

“ఎవరు సార్ తప్పిపోయింది?”

అది ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు. కాఫీ చల్లారిపోయింది, వాళ్ళు బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి కోసమే ఇది రాస్తున్నాను.

నేను తెనాలివాణ్ణి. మా ఇల్లు స్టేషను వెనక వీధిలో ఉండేది. తెనాలి జంక్షను కదా, నాలుగు వైపులకూ బండ్లు విడిపోతుంటాయి. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదకు వస్తుందో చివరి నిమిషం దాకా నమ్మకం ఉండదు. వంతెన మెట్లు ఎక్కుతూ దిగుతూ, కనబడినవాణ్ణల్లా అడుగుతూ, పరుగెత్తుతూ పెరిగాం. ఆ పరుగే తర్వాత నాకు ఉద్యోగమైంది. మొదట్లో కాశీ, రామేశ్వరం బస్సులు నడిపాను. వంటమనిషి, గ్యాసుబండ, పచ్చళ్ళ జాడీలు వెంట ఉండేవి. తర్వాత సింగపూర్, యూరప్, చివర్లో అమెరికా. ఊరు ఏదైనా నా పని మాత్రం ఒకటే, బండి కదిలే సమయానికి అందర్నీ ఎక్కించడం. నా చేతిలో ఏ బండీ ఎవర్నీ వదిలి వెళ్ళలేదని కాస్త గొప్పగానే చెప్పుకునేవాణ్ణి.

ఆ సంవత్సరం అమెరికా టూరు చివర్లో ఒక వారం ఓడ ప్రయాణం కూడా పెట్టాం. అక్కడి దక్షిణ తీరంలో ఓడ ఎక్కి, మెక్సికో వైపు రెండు మూడు రేవులు చూసుకుని తిరిగి రావాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల నుంచి రిటైరైన వాళ్ళంతా పేర్లు ఇచ్చారు. అందరూ నయాగరా గురించి అడిగారు. ఒక్క రేపల్లె టీచరుగారు మాత్రం ఫోన్ చేసి, “ఆ మాయా నాగరికత వాళ్ళ శిథిలాలు మీ ప్రోగ్రాంలో ఉన్నాయా, లేవా? అది చెప్పండి ముందు” అన్నారు. రేవు నుంచి బస్సులో వెళ్ళి చూసి రావచ్చునండి అన్నాను. “అయితే నా పేరు రాసుకోండి” అని పెట్టేశారు.

ఆవిడ మిషన్ స్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. భర్త పోయి చాలాకాలమైంది. బ్యాంకులో పనిచేసే కూతురితో, మనవరాలితో రేపల్లెలోనే ఉంటున్నారు. ఒంటరిగా వచ్చేవాళ్ళను వాళ్ళ ఊరికే వెళ్ళి తీసుకురావడం నా పద్ధతి కాబట్టి, బయలుదేరే రోజు నేనే రేపల్లె వెళ్ళాను.

ప్లాట్‌ఫారం మీద మా బండి నిలబడే ఉంది. టీచరుగారు బెంచీ మీద చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నీరుకావి రంగు నేత చీర, కాళ్ళకు కొత్త బూట్లు. కూతురు సామాన్లు ఎక్కిస్తూ కంగారుపడిపోతోంది.

“అమ్మా, లే. ఎక్కి కూర్చో. టైమైపోతోంది.”

“కంగారెందుకే? వచ్చిన బండేగా పోయేది” అన్నారు టీచరుగారు, కదలకుండా.

కూతురు నన్ను కొంచెం అవతలికి, మంచినీళ్ళ కుళాయి దగ్గరికి తీసుకెళ్ళింది.

“అన్నయ్యగారూ, మీకొక్కరికే చెబుతున్నానండి. ఈమధ్య అమ్మ కొన్ని మర్చిపోతోంది. పాలు పొయ్యిమీద పెట్టి మర్చిపోతే అందరికీ ఉండేదేలే అనుకున్నాం. మొన్న గుడిలో ఏళ్ళ తరబడి పక్కన కూర్చునే ఆవిణ్ణి ‘మీదే ఊరండి’ అని అడిగింది. డాక్టరుగారు ఇది మొదలే అన్నారు. వచ్చే ఏడాదికి పంపగలనో లేదో.”

“మరి ఇంత దూరం పంపుతున్నారేంటమ్మా?”

“మా వాళ్ళూ అదే అన్నారండి. చూసొచ్చి మర్చిపోయేదానికి అంత దూరం ఎందుకని. మర్చిపోతే మర్చిపోనివ్వండి. చూడటమైతే చూస్తుంది కదా.” ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. “మళ్ళీ ఇక్కడే, ఈ ప్లాట్‌ఫారం మీదే దింపుతానని మాటివ్వండి.”

మాటిచ్చాను. టీచరుగారు మెల్లగా లేచి, బండెక్కి, కిటికీ పక్కన కూర్చుని, బండి కదలకముందే నిద్రపోయారు.

ఓడ సంగతులు ఎక్కువ రాయను. అంత పెద్ద ఓడలో మనవాళ్ళు చేసిన మొదటి పని వేడినీళ్ళు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోవడం. రెండోది కందిపొడి డబ్బా తెరవడం. ఆ తర్వాత ఓడ మీద కూడా ఎవరి ఊరి వాళ్ళు ఆ ఊరి వాళ్ళతోనే కూర్చున్నారు. టీచరుగారు మాత్రం తెల్లవారేసరికి పై డెక్కు మీద ఉండేవారు. నీళ్ళకూ ఆకాశానికీ మధ్య గీత కనబడని వేళ అది. ఓడ కదులుతోందో నిలబడి ఉందో తెలిసేది కాదు. నేను పక్కన నిలబడితే “ఇవాళేనా, తమ్ముడూ?” అని అడిగేవారు.

“ఎల్లుండండీ, టీచరుగారూ.”

మర్నాడు మళ్ళీ “ఇవాళేనా?” అనేవారు. అది ఆత్రమో మరుపో నాకు తెలిసేది కాదు. ఆవిడ మొహం చూస్తే చిన్నపిల్ల మొహంలా వెలిగిపోతూ ఉండేది. నేను సముద్రం వైపు చూస్తూ నిలబడిపోయేవాణ్ణి.

ఆ రోజు వచ్చింది. ఓడవాళ్ళే నడిపే బస్సులు ఉన్నాయి గానీ, వాళ్ళు పరుగులు పెట్టిస్తారు, భోజనంలో మనవాళ్ళు తినేది ఏదీ ఉండదు. అందుకని నేను బయట వేరే బస్సు మాట్లాడాను. దీనిలో ఒక చిక్కుంది, ఈ పనిలోకి వచ్చిన పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఓడవాళ్ళ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మన బస్సు ఆలస్యమైతే ఆగదు. మన పాస్‌పోర్టులు, మందులు, బట్టలు అన్నీ మోసుకుని తన దారిన పోతుంది.

అడవిలోకి పోయేకొద్దీ రోడ్డు సన్నబడింది. రెండు వైపులా పచ్చదనం కిటికీలకు రాసుకుంటోంది. నేను మైకు పట్టుకుని నాలుగు ముక్కలు చెప్పాను. బస్సు మనల్ని మొదటి గేటు దగ్గర దింపుతుంది, దారి అడవిలోంచి ఒకవైపే పోతుంది, అన్నీ చూసుకుంటూ వెళ్ళి అవతలి గేటులోంచి బయటికి రావాలి, బస్సు చుట్టు తిరిగి అక్కడికే వస్తుంది. ఎప్పటిలాగే ఎవరూ వినలేదు. బాపట్లలో వ్యవసాయం పాఠాలు చెప్పి రిటైరైన సారొకాయన గైడుతో మొక్కజొన్న గురించి వాదిస్తున్నారు. టీచరుగారు కిటికీకి తలానించి నిద్రపోతున్నారు.

గైడు ఆ పక్క పల్లెవాడే, మాయా మనిషే. పొట్టిగా, గుండ్రటి మొహంతో, మన వాడరేవు తీరం మనిషిలా ఉన్నాడు. “వచ్చినవాళ్ళంతా ఒకటే అడుగుతారు, మాయా వాళ్ళు ఎలా మాయమైపోయారని” అన్నాడు నవ్వుతూ. “మేం ఎక్కడికీ పోలేదు సార్. ఇక్కడే ఉన్నాం. మమ్మల్ని వెతుక్కుంటూ వీళ్ళే తిరుగుతుంటారు.”

బాపట్ల సారు ఆ మాట పట్టించుకోకుండా, దారి పక్క మొక్కజొన్న చేను చూసి చేతులు జోడించినంత పని చేశారు. “ఏమయ్యా, మన తెనాలి పొలాల్లో వరి కోసేశాక వేస్తారే, దాని పుట్టిల్లు ఇదే! మిరపకాయ పుట్టిల్లు కూడా ఈ వైపే!” కారం లేని బతుకు ఊహించలేని మావాళ్ళంతా ఆ నేల వైపు కాస్త గౌరవంగా చూశారు.

గేటు దాటి లోపలికి నడిచాం. ఎండ నేలను తాకకముందే ఆకుల్లో ఆగిపోతోంది. ఎక్కడో కోతులు గొంతెత్తి అరుస్తుంటే అడవి మొత్తం గురక పెడుతున్నట్టుంది. బ్రహ్మాండమైన బూరుగు చెట్లు. చిన్నప్పుడు మా దిండ్లలో ఉండే దూది ఆ చెట్టుదేనని టీచరుగారు అందరికీ చూపించారు. మలుపు తిరిగేసరికి చెట్ల మధ్యలోంచి ఉన్నట్టుండి రాతిమెట్ల కొండ లేచింది. దాని మీద గడ్డి, నాచు, రెండు మూడు చెట్లు. అంతదాకా వాగుతున్న మావాళ్ళు కూడా గొంతు తగ్గించారు.

టీచరుగారు తలెత్తి చాలాసేపు చూశారు.

“మెట్లు తక్కువ వేశానే” అన్నారు.

నాకు అర్థం కాలేదు.

“బోర్డు మీద, తమ్ముడూ. ఏటా ఈ పాఠం వచ్చినప్పుడల్లా చాక్‌పీసుతో దీన్ని గీసేదాన్ని. పుస్తకంలో బొమ్మ సరిగ్గా కనబడేది కాదు. ఏవో నాలుగు మెట్లు గీసి ఊరుకునేదాన్ని. గంట కొట్టగానే తుడిచేసేదాన్ని, తర్వాత క్లాసు లెక్కల మేష్టారిది.” ఆవిడ చెయ్యి చాచి ఆ రాయి వైపు చూపించారు. “దీన్నెవరూ తుడవలేదు చూడు.”

ఆవిడ ఎంత ఆనందంగా ఉన్నారో చెప్పలేను. కూతురు ఇక్కడ ఉంటే బాగుండునని నాకు అనిపించింది.

నాకు జంటల లెక్క అలవాటు. తల లెక్క పెడితే ఎక్కడో తేడా వస్తుంది. అందుకని ప్రతి ఒక్కరికీ ఒక జత చెబుతాను. నేను పిలవగానే ఎవరి జత పక్కనుందో వాళ్ళు చూసుకుని చెయ్యెత్తాలి. భార్యాభర్తలకు ఏ ఇబ్బందీ లేదు. ఒంటరిగా వచ్చినవాళ్ళను ఇద్దరిద్దరిగా కలుపుతాను. టీచరుగారు బేసి మనిషిగా మిగిలారు కాబట్టి ఆవిడకు నేనే జత.

అవతలి గేటు దగ్గర బస్సు ఎక్కేముందు జతల్ని పిలిచాను. అన్ని చేతులూ లేచాయి. నా పక్కకు చూసుకున్నాను. ఎవరూ లేరు.

“టీచరుగారేరీ?”

బాపట్ల సారు భార్య ముందుకొచ్చారు. “ఆ పెద్ద గుట్ట దగ్గరే మోకాళ్ళు నొప్పులన్నారండి. మిగతావి మీరు చూడండి, నేను బండి దగ్గరుంటానని చెప్పి వెళ్ళారు. ఇక్కడే ఉంటారనుకున్నా.”

బస్సులో లేరు. బస్సు చుట్టుపక్కల లేరు. డ్రైవరు ఎవర్నీ చూడలేదన్నాడు. ఫోన్‌లో ఒక్క గీత కూడా సిగ్నల్ లేదు. కుళాయి దగ్గర కూతురు చెప్పిన మాట నాకు మాత్రమే తెలుసు. బండి దగ్గరికని బయలుదేరి దారిలో ఎక్కడికి వెళ్తున్నారో మర్చిపోయి ఉంటారు. అడవిలోకి నడిచి ఉంటారు. తన పేరైనా చెప్పగలరా?

“మొదటి గేటు దగ్గర చూద్దామా?” అన్నాడు గైడు.

“అక్కడికెందుకు వెళ్తారు? బస్సే లేదుగా అక్కడ” అని కసిరాను.

గైడూ నేనూ చుట్టుపక్కల దారులన్నీ తిరిగాం. బావిలా లోతుగా నీళ్ళున్న చోటికి వెళ్ళి, చూడ్డానికి భయపడుతూనే తొంగి చూశాను. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. అందులో ఆకాశం, దానిలో నా మొహం. ఎవరూ లేరు. వగర్చుకుంటూ తిరిగి వచ్చేసరికి డ్రైవరు ఇంజను వేసి ఉంచాడు. ఇప్పుడు కదలకపోతే ఓడ అందదన్నాడు.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మా ఆఫీసులో ముందే అనుకున్న పద్ధతి ఉంది. ఒకరి కోసం అందర్నీ ఆపకూడదు. మిగతావాళ్ళను పంపేసి టూరు మేనేజరు, అంటే నేను, ఉండిపోవాలి. అదే చెప్పాను.

“మీరంతా వెళ్ళిపోండి. నేనుండి వెతుకుతాను. ఆవిడా నేనూ తర్వాత ఎలాగో వస్తాం.”

బాపట్ల సారు సీట్లోంచి లేచారు. టూరు మొదలైన దగ్గర్నుంచీ ఆయన నన్ను సాధించని రోజు లేదు. గది బాగాలేదు, కాఫీ చల్లగా ఉంది, లిఫ్టు ఆలస్యం. ఇప్పుడు కూడా అలాంటిదే ఏదో అంటారనుకున్నాను. ఆయన మెట్లు దిగి, బస్సు కింది మెట్టు మీద కూర్చున్నారు. తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టారు.

“సార్, లేవండి. ఓడ వెళ్ళిపోతుంది.”

“పోతే పోనీవయ్యా. ఆవిడ బండి దగ్గరుంటానందా లేదా? ఆవిడ వచ్చేసరికి బండి ఉండాలా వద్దా?”

“మందులన్నీ ఓడలో ఉన్నాయి. మీ బీపీ మాత్రలు కూడా.”

“ఏం, ఈ ఊళ్ళో బీపీ ఉండదా ఎవరికీ?”

వెనక నుంచి రేపల్లె వాళ్ళు, తెనాలి వాళ్ళు ఒక్కొక్కరే దిగడం మొదలెట్టారు. “కలిసొచ్చాం, కలిసే పోదాం” అందొకావిడ. నేను అరిచాను. బతిమాలాను. ఆఫీసు పేరు చెప్పి బెదిరించాను కూడా. ఒక్కరూ ఎక్కలేదు. సర్వీసులో మొదటిసారి నా మాట వినే నాథుడు లేకుండా పోయాడు. కోపంతో మళ్ళీ అడవిలోకి నడిచాను.

ఆ పెద్ద రాతిమెట్ల దగ్గరికి వచ్చి కూలబడ్డాను. యాత్రికులంతా వెళ్ళిపోయారు. సాయంత్రపు ఎండ బంగారంగా మారి మెట్ల మీద పరుచుకుంటోంది. ఒక ఆకు గిరికీలు కొడుతూ వచ్చి నా బూటు మీద వాలింది. తెనాలి లేదు, ఓడ లేదు, ఈ లోకంలో నాకు తెలిసింది ఏదీ లేదన్నట్టుగా ఉంది. ఆ నిశ్శబ్దంలో రేపల్లె ప్లాట్‌ఫారం కళ్ళముందుకొచ్చింది. నిలబడి ఉన్న బండి, బెంచీ మీద టీచరుగారు, ఒళ్ళో సంచి. కూతురికి చెప్పిన జవాబు.

కంగారెందుకే? వచ్చిన బండేగా పోయేది.

రేపల్లెతో పట్టాలు అయిపోతాయి. వచ్చిన బండి అక్కడే నిలబడి, టైమయ్యాక వచ్చిన దారినే తిరిగి పోతుంది. దిగిన చోటే ఎక్కాలి. స్టేషను దాటిపోతుందన్న భయం లేదు కాబట్టి ఆ ఊరివాళ్ళు బండెక్కితే హాయిగా నిద్రపోతారు. నేను మైకులో అవతలి గేటు గురించి చెబుతున్నప్పుడు ఆవిడ నిద్రపోతూనే ఉన్నారు. బండి దగ్గరుంటానంటే, దిగిన చోటేనని అర్థం. నేను జంక్షనువాణ్ణి కాబట్టి నాలుగు వైపులా పరుగెత్తాను. ఆ ఒక్క వైపూ చూడలేదు.

లేచి మొదటి గేటు వైపు పరుగెత్తాను. గైడు వెనక నుంచి, “అక్కడ బస్సు లేదన్నారుగా సార్” అని అరుస్తూనే వచ్చాడు.

గేటు బయట, బస్సు మమ్మల్ని దింపిన చోటే, ఒక పక్కగా ఆకులు కప్పిన చిన్న పాక ఉంది. అచ్చం మన తాటాకు పాకే. దాని ముందు పూలు కుట్టిన తెల్లటి గౌను వేసుకున్న ఒక మాయా ముసలమ్మ రొట్టెలు కాలుస్తోంది. ఆమె పక్కన, చెక్క స్టూలు మీద, బూట్లు విప్పి పక్కన పెట్టుకుని మా టీచరుగారు. చేతిలో మొక్కజొన్న రొట్టె, ఆకులో నూరిన పచ్చిమిరపకాయ కారం. ఆవిడ తెలుగులో ఏదో చెబుతున్నారు. ముసలమ్మ తన భాషలో ఏదో అంటోంది. ఇద్దరూ ఒకే చోట నవ్వుతున్నారు. నేను పరుగు ఆపి నిలబడిపోయాను.

టీచరుగారు తలెత్తి నన్ను చూశారు.

“వచ్చావా? ఎక్కడికి తప్పిపోయావయ్యా? మీకోసమే చూస్తున్నా. మిగతావాళ్ళేరి?”

నాకు ఏడుపు వచ్చింది. ఎందుకు వచ్చిందో అప్పుడు తెలియలేదు. ఆ మనిషికి ఏమీ కాలేదు. ఏదీ మర్చిపోలేదు. ఎక్కడ దిగారో, ఎవరు వస్తారో అన్నీ గుర్తున్నాయి. తెలియనిచోట, తెలియని భాషలో, బండి వస్తుందన్న నమ్మకంతో హాయిగా కూర్చున్నారు.

“బస్సు ఆ గేటు దగ్గరుందండి, టీచరుగారూ. నేను మైకులో చెప్పాను.”

“అదేంటి? దింపినచోట ఎక్కించుకోవద్దూ? మా రేపల్లె పక్క అడవులదీవి స్కూల్లో కొత్తగా చేరినప్పుడు కూడా అంతే. పొద్దున దింపిన బస్సు సాయంత్రం అక్కడికే వచ్చేది. ఎంత ఆలస్యమైనా వచ్చేది.” ముసలమ్మ వైపు తిరిగారు. “ఈవిడకి అదే చెబుతున్నా. వస్తారమ్మా, మావాళ్ళు కాస్త నిదానం అని. ఇదిగో, ఈ కారం తిను. మన ఊరి కారమే.”

తిన్నాను. మన ఊరి కారమే. కళ్ళలో నీళ్ళు రావడానికి మంచి సాకు దొరికింది.

గైడు తన వాళ్ళెవరిదో చిన్న ట్రక్కు ఆపాడు. బయలుదేరేముందు ముసలమ్మ రెండు రొట్టెలు ఆకులో చుట్టి టీచరుగారి సంచిలో పెట్టింది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కాసేపు ఉండిపోయారు. నేను తొందరపెట్టలేదు. అప్పటికే ఓడ వెళ్ళిపోయే వేళ కావచ్చింది.

అవతలి గేటు చేరేసరికి బస్సు నిలబడే ఉంది. మెట్టు మీద బాపట్ల సారు అలాగే కూర్చుని ఉన్నారు. టీచరుగారు ఆయన్ని చూసి, “కాస్త జరగండి మేష్టారూ, ఎక్కాలి” అన్నారు. ఆయన లేచి పక్కకు తప్పుకుని, ఏమీ జరగనట్టు, “ఏమయ్యా, ఇంతసేపేంటి? ఎండకు చచ్చిపోతున్నాం” అని నన్ను విసుక్కున్నారు.

రేవుకు వచ్చేసరికి ఓడ ఉంది. మామూలుగా వెళ్ళిపోయి ఉండాల్సిన సమయం దాటింది. రేవు మీద తెల్లబట్టల ఆఫీసరు చేతులు ఊపుతూ మమ్మల్ని రమ్మంటున్నాడు. పై డెక్కుల నిండా జనం నిలబడి, మేం కర్రల వంతెన మీద పరుగెత్తుతుంటే చప్పట్లు, ఈలలు. చీరలు పట్టుకుని, మోకాళ్ళు పట్టుకుని మావాళ్ళు పరుగెత్తారు. టీచరుగారు మాత్రం నడిచే వచ్చారు.

ఆఫీసరు నాకు చీవాట్లు పెట్టాడు. చివర్లో అన్నాడు, “ఒకరో ఇద్దరో రాకపోతే ఎప్పుడో వెళ్ళిపోయేవాళ్ళం. అంతమంది లేరని తెలిసి కెప్టెన్ కాసేపు ఆగమన్నాడు.”

ఆ మాట నా తలకెక్కడానికి కొంచెం సమయం పట్టింది. పద్ధతి ప్రకారం అందర్నీ పంపేసి ఉంటే, ఓడ మా ఇద్దర్నీ వదిలేసి వెళ్ళేది. నా మాట ఎవరూ వినకపోబట్టే నేనిచ్చిన మాట నిలబడింది. వెనక్కి తిరిగి చూస్తే టీచరుగారు ఓడను కిందినుంచి పైదాకా చూస్తున్నారు.

“ఉందిగా” అన్నారు.

టూరు అయిపోయింది. ఆవిణ్ణి రేపల్లెలో, అదే ప్లాట్‌ఫారం మీద, కూతురి చేతికి అప్పగించాను. ఆ తర్వాత నేను మరి కొన్ని టూర్లు చేసి రిటైరయ్యాను. ఆఫీసు పద్ధతుల్లో ‘ఒకరి కోసం అందర్నీ ఆపకూడదు’ అన్న వాక్యం మార్పించాను. బాపట్ల సారు ఇప్పటికీ ఫోన్ చేసి ఆ రోజు కాఫీ బాగాలేదని గుర్తు చేస్తుంటారు.

ఇప్పుడు నెలకోసారో రెండుసార్లో రేపల్లె బండెక్కి టీచరుగారిని చూసి వస్తుంటాను. వాళ్ళ ఇల్లు స్టేషనుకు దగ్గరే, బండి కూత వినిపిస్తుంది. కూతురు చెప్పిందే జరిగింది. ఓడ గుర్తులేదు, సముద్రం గుర్తులేదు. నేనెవరో తెలియదు. వెళ్ళినప్పుడల్లా “మీదే ఊరండి?” అని మర్యాదగా అడుగుతారు. తెనాలి అంటాను. “ఆహా, జంక్షనా” అంటారు.

మనవరాలి పలక ఒకటి ఎప్పుడూ ఒళ్ళో ఉంటుంది. దానిమీద బలపంతో ఏదో గీస్తారు, చేత్తో తుడిచేస్తారు, మళ్ళీ గీస్తారు. ఒకసారి వంగి చూశాను. మెట్లు మెట్లుగా ఒక కొండ. పలక అంచు దాకా మెట్లే. ఎక్కడా తక్కువ వెయ్యలేదు. కూతురు వంటింట్లోంచి, “ఏంటోనండి, ఎప్పుడూ అదే గీస్తుంది” అంది. దాని సంగతి నేను చెబితే ఆ పిల్ల వంటింట్లోంచి వచ్చి అమ్మ పక్కన కూర్చుని ఆ మెట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

మొన్న వెళ్ళినప్పుడు ఇద్దరం వరండాలో కూర్చున్నాం. పెనుమూడి రేవు వైపు నుంచి ఏటి గాలి వస్తోంది. సాయంత్రం బండికి టైమైందని చెప్పులేసుకోబోయాను. జీవితమంతా ఒక్క బండి తప్పిపోనివ్వని మనిషిని కదా, కాళ్ళు వాటంతటవే లేస్తాయి. టీచరుగారు నా చెయ్యి పట్టుకున్నారు. నా మొహంలోకి చూడలేదు. స్టేషను వైపే చూస్తున్నారు.

“కంగారెందుకు, తమ్ముడూ? వచ్చిన బండేగా పోయేది” అన్నారు.

తమ్ముడూ అని పిలిచి ఎన్నాళ్ళయిందో. చెప్పులు విప్పేసి కూర్చున్నాను. కాసేపటికి బండి కూత వేసింది. కదిలిన చప్పుడు తెనాలి వైపు సాగి, సన్నబడి, ఆగిపోయింది. టీచరుగారు నా చెయ్యి వదల్లేదు, నేను లేవలేదు.